లంబాడీ వెండి తుక్కు వెండియా?

మన సంఘములు వెలువరించు సంచికలలో శ్రీకృష్ణదేవరాయల భువనవిజయమును గూర్చియు, హంపి విరూపాక్షుని గోపురమును గూర్చియు, త్యాగరాజస్వామి కీర్తనలను గూర్చియు వ్యాసములు ఏటేట వచ్చుచునే యున్నవి. రావలసినవే. వానియందు మాకు భక్తి తక్కువ లేదు. కాని సండూరులో కాపురమున్న తెలుగు కుటుంబములవారు తమ వాకిట నిలిచి చూచినంతనే కంటబడు కళ యొకటి గలదు. దానిని గూర్చి ఈ సంచికలలో ఒక్క పుటయైనను మేము చూచి యెరుగము. సంతనాడు తండాలనుండి దిగివచ్చు లంబాడీ స్త్రీల మేనిమీది వెండి పనియే ఆ కళ.

ఆ నగలను గూర్చి మనవారిలో చెలామణిలో నున్న మాటలు రెండే. ఒకటి ‘మోటు’. రెండవది ‘తుక్కు’. మొదటిది ఇండ్లలో వినబడును, రెండవది బజారులో. మొదటి మాట వారి మనస్సును నొప్పించును; రెండవ మాట వారి మూటను తరిగించును. రెండును అబద్ధములే యని చెప్పుటకు ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మోటు అనువారు ఎన్నడైన దగ్గర నిలిచి చూచిరా? వివాహితయగు లంబాడీ స్త్రీ చెంపల కిరువైపుల జుట్టుతో అల్లి వ్రేలాడదీసికొను ఆభరణమును ఘుగ్రీ యందురు. దానితో కూడ గోపుర శిఖరమువలె నుండు వెండి బిళ్ల టోప్లీ. అంచున చిన్ని మువ్వలు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచుండును. ఆమె తల త్రిప్పినపుడెల్ల అవి పలుకును. మెడకు కడ్డీవలె గట్టిగా నుండు హాంస్లీ, దాని క్రింద రూపాయి బిళ్లల హారము, ముక్కునకు భూరియా, కాళ్లకు కడియములు, మోచేతి పైనుండి భుజము వరకు వరుసగా బలియా గాజులు. ఘుగ్రీయు, టోప్లీయు, భుజపు గాజులును భర్త గల స్త్రీకి గుర్తులు. భర్త గతించిన వెనుక వానిని తీసివేయుదురు. మన యిండ్లలో మంగళసూత్రమునకును మెట్టెలకును ఏ అర్థము గలదో వానికిని అదియే. ఆ గాజులు పూర్వము దంతముతోను ఎముకతోను చేసెడివారు. దంతపు వర్తకము చట్టముచే నిషిద్ధమైన తరువాత ప్లాస్టిక్కు వచ్చినది. అందుకు మేము చింతింపము. ఏనుగులును బ్రదుకవలయును గదా.

వెండికి తోడు గవ్వలు, గాజుపూసలు, అద్దపు బిళ్లలు. సండూరు కొండలలో ఇనుప రాయి దొరకును, మాంగనీసు దొరకును, గవ్వ దొరకదు. అది సముద్రమునుండి రావలసినదే. లంబాడీలు ఎద్దుల మందలపై ఉప్పును, ధాన్యమును వేసికొని దేశదేశములు తిరిగిన వర్తకులు. మొగలు సేనల వెంట దక్కనునకు ధాన్యము మోసినవారు వీరే. 1799లో శ్రీరంగపట్టణముపైకిని, 1803లో మరాఠాలపైకిని నడచిన ఇంగ్లీషు సేనలకు గింజలు అందించినవారును వీరే. రైలుబండి వచ్చి వారి యెద్దులను నిలిపివేసినది. తిరుగుచుండువానికి నేల లేదు, ఇనుప పెట్టె లేదు, బ్యాంకు లేదు. ఉన్న ధనమంతయు ఇంటి యాడుదాని మేనిపై వెండిగా మారి నడచుచుండెడిది. మనము బరువని నవ్వు ఆ నగ వారికి బ్యాంకు పాసుపుస్తకము.

ఇక ఈ నగలు చేసిన దెవరు? ఈ ప్రశ్నకడ మనవారు కొంత తగ్గి మాటాడవలసి వచ్చును. తండాలో కంసాలి కుంపటి సాధారణముగా నుండదు. కుట్టుపని వారిది, వెండిపని ఊరి కంసాలిది. ఈ సరిహద్దు సీమలో ఆ కంసాలి తెలుగువాడైనను కావచ్చును, కన్నడ అక్కసాలియైనను కావచ్చును. నమూనా తండా స్త్రీది, చేయి కంసాలిది. ఆమె తన తల్లి ఘుగ్రీని తెచ్చి ముందుంచి ‘ఇట్లు చేయవలె’ ననును. ఒక్క మువ్వ తక్కువైనను మరల చేయించును. కావున ఆ నగను మోటు అనుట లంబాడీలను మాత్రమే కాదు, మన కంసాలి తాతలను గూడ అనుటయే.

ఒక్క మువ్వను చేయుట యెట్లో చూడుడు. రూపాయలను మూసలో వేసి కుంపటిలో కరగించి, చాలులో పోసి కడ్డీ చేయవలెను. ఆ కడ్డీని దాకలిపై సాగగొట్టవలెను. కొట్టుకొలది వెండి గట్టిపడి పగులజూచును. కనుక నడుమ నడుమ కాల్చి మెత్తపరుపవలెను. రేకైన తరువాత అచ్చుదిమ్మ గుంటలో నుంచి కొట్టి రెండు చిప్పలు తీయవలెను. లోపల చిన్న గుండు వేసి, రెండు చిప్పల అంచులు కలిపి, వెలిగారము రాచి టంకము పెట్టి, ఊదుగొట్టముతో మంటను దానిపైకి ఊదవలెను. శుద్ధమైన వెండి 960 డిగ్రీల సెంటిగ్రేడు చేరువలో కరగును. నాణెపు వెండి అంతకు ముందే మెత్తబడనారంభించును. టంకము ఈ రెంటికంటెను ముందుగా కరగవలెను. ఉన్న యెడము కొంచెమే. టంకము పారినంతనే మంట తీయనిచో చిప్పయు కూలిపోవును. దీనికి యంత్రము లేదు. మంట రంగును చూచి కంసాలి కన్ను చెప్పవలసినదే. పిదప చింతపండు నీట ఉడికించి, కుంకుడురసముతో రుద్దిన తెల్లని మువ్వ యొకటి చేతికి వచ్చును. ఇట్టివి ఒక జత ఘుగ్రీలకు ఎన్ని కావలెనో ఎంచినవారి నోట మోటు అను మాట మరల రాదు.

ఈ సందర్భమున దూరదేశపు ముచ్చట యొకటి చెప్పవలసియున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమున, అరిజోనా, న్యూమెక్సికో ప్రాంతములలో, నవాహోలను ఆదివాసులు గలరు. 1864లో అమెరికా సైన్యము వారిని స్వస్థలములనుండి తరిమి వందల మైళ్లు నడిపించి బాస్కీ రెడోండో అనుచోట నిర్బంధించినది. 1868లో ఒడంబడిక చేసికొని వారు తిరిగి వచ్చిరి. వారిలో అత్సిదీ సానీ అనునాతడు మెక్సికో దేశపు కమ్మరివద్ద ఇనుపపని నేర్చి, తరువాత వెండిపని చేసి, తన కొడుకులకు నేర్పెను. అతనినే వారి మొదటి వెండి పనివానిగా చెప్పుదురు. వారును మనవారివలెనే డాలర్లను, మెక్సికో పెసోలను కరగించి కడియములు చేసిరి. 1880 ప్రాంతమునుండి వెండిలో ఫిరోజా రాళ్లను పొదుగ నారంభించిరి. వారి హారము నడుమ వ్రేలాడు చంద్రవంక స్పెయినువారి గుర్రపు కళ్లెములనుండి వచ్చినది. స్పెయినువారికి అది ఉత్తర ఆఫ్రికా మహమ్మదీయులనుండి వచ్చినది. అయినను అది నవాహోల నగ కాదని ఎవ్వరును అనరు. వారికిని నగయే బ్యాంకు: కష్టకాలమున వర్తకుని దుకాణమున కుదువబెట్టుట, పంట వచ్చిన పిదప విడిపించుకొనుట.

అక్కడకును రైలు వచ్చినది. రైలుతో యాత్రికులు, యాత్రికులతో తేలిక సరుకు. 1899 ప్రాంతమున ఫ్రెడ్ హార్వీ కంపెనీ యాత్రికులకొరకు పలుచని నగలు చేయింప మొదలిడెను. కొంత కాలమునకు యంత్రపు సరుకు, పరదేశపు నకిలీ సరుకు దిగినవి. అప్పుడు ఆ దేశమువారు ఏమి చేసిరి? 1935లో చట్టము చేసి ఆదివాసుల కళలకై ఒక మండలి నేర్పరచిరి. 1990లో మరియొక చట్టము చేసిరి. ఆదివాసి చేయని వస్తువును ఆదివాసి చేసినదని అమ్మిన వ్యక్తికి మొదటి తప్పునకే 2,50,000 డాలర్ల వరకు జుల్మానా, ఐదేండ్ల వరకు ఖైదు. చట్టముతో మోసము ఆగినదా యందురేమో. ఆగలేదు. 2015లో కూడ ఫిలిప్పీన్సులో చేయించి తెచ్చిన నకిలీ నగలకై అక్కడి యధికారులు దుకాణములపై దాడులు చేయవలసి వచ్చినది. కాని దాడి చేయుటకు ఒక చట్టమున్నది. మనకడ ఏమున్నది? హాల్‌మార్కు ముద్ర వెండి వన్నెను చెప్పునుగాని చేసిన చేతిని చెప్పదు.

సండూరులో కుట్టుపనికి గౌరవము రాలేదా యని కొందరు ప్రశ్నింతురు. వచ్చినది, సంతోషమే. ఘోర్పడే వంశమువారి పూనికతో ఏర్పడిన సండూరు కుశల కళా కేంద్రము దశాబ్దములుగా సుశీలానగరము మొదలగు తండాల స్త్రీలకు పని కల్పించినది. కిలన్, వేలే, బక్క్యా, మాకీ, కౌడీ, రేలో, నక్రా ఇత్యాదిగా పదునాలుగు విధముల కుట్లను ఆ కేంద్రమువారు లెక్కించి పేరుపేరున చెప్పుదురు. సండూరు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపిలో జీ-20 సంస్కృతి కార్యవర్గ సమావేశము జరిగినపుడు 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు చేసిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఆ కుట్టులలో భూరియా యను పేరుగల కుట్టొకటి యున్నది. ముక్కుపుడక పేరును అదియే. గుడ్డ మీది భూరియాకు ప్రభుత్వ ముద్ర దొరకినది. ముక్కు మీది భూరియా మాత్రము కాటాపైకి పోవుచున్నది. గుడ్డ గౌరవము పొందుటకును వెండి పొందకుండుటకును కారణము మాకొకటే తోచుచున్నది. గుడ్డను కరగించి అమ్ముకొనుట వీలుకాదు.

ఇప్పుడు ‘తుక్కు’ అను మాటకు వచ్చెదము. గుమాస్తాగిరీలో జీవితము గడిపిన వారమగుటచే లెక్క చూడనిదే మాకు తృప్తి కలుగదు. 1835 మొదలు 1939 వరకు కంపెనీవారును, రాణియు, రాజులును ముద్రించిన రూపాయి 180 గ్రెయిన్ల బరువు, అనగా సరిగా ఒక తులము, 11.66 గ్రాములు. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. 1940 నుండి యుద్ధము మూలమున సగము వెండి, సగము ఇతర లోహములు. 1947లో నికెలు రూపాయి వచ్చి వెండి పోయినది. నైజాము హాలీ సిక్కా బరువును వన్నెయు రెండును ఇంగ్లీషు రూపాయికంటె తక్కువ. ఇవి రహస్యములు కావు. నాణెముపై సంవత్సరము చెక్కియే యున్నది. చదువురాని స్త్రీకి అది తెలియకపోవచ్చును. అంగడివానికి తెలియదని ఎవరైన నమ్ముదురా?

మేము చూచిన దుకాణములలో నొక దానిలో జరిగినది ఇది. ఇరువది రూపాయల హారమును తెచ్చిన వృద్ధురాలితో దుకాణమువాడు ‘ఏమే, ఇది సగము కల్తీయే’ అనెను. (తల్లి వయస్సుగల స్త్రీని ‘ఏమే’ యని పిలుచుట ఏ శాస్త్రములో నున్నదో మాకు తెలియదు, మన యింటి ఆడవారిని ఆ దుకాణమువాడు ‘అమ్మా’ యనియే పిలుచును.) ఆ బిళ్లలలో మా కంటబడినవన్నియు విక్టోరియా రాణివియు, బోడితల ఎడ్వర్డువియు, ఐదవ జార్జివియు. ఇరువది తులములు అనగా 233 గ్రాములు. పండ్రెండింట పదునొకండు పాళ్ల చొప్పున వెండి 213 గ్రాములకు పైమాట. సగము చొప్పున 116 గ్రాములు. నడుమ పోయినది 97 గ్రాములు. కిలో లక్ష రూపాయలుగా కట్టినను తొమ్మిదివేల ఏడువందల రూపాయలు ఒక్క మాటతో మాయమైనవి. వెండి ధర కిలో లక్షకు పైబడిన కాలమిది. ఇంకను తరుగు వేరు, మకిలి వేరు, దారము బరువు వేరు. పని కూలి యనునది లెక్కలోనికే రాలేదు. అదే హారము నగరమునకు పోయి ‘పురాతన గిరిజనాభరణ’ మను చీటీ తగిలించుకొన్నచో దాని వెల ఎన్ని రెట్లగునో నగరములలో తిరిగినవారు ఎరుగుదురు. తండా చేతిలో తుక్కు, నగరపు గాజు బీరువాలో కళ. ఈ మార్పు వెండిలో రాలేదు. అమ్మువాని నోటిలో వచ్చినది.

‘ఇది లంబాడీల సంగతి, తెలుగు సంఘమున కేమి సంబంధము?’ అని మా ముఖముననే అడిగినవారున్నారు. వారికి సమాధానము. 1949 ఏప్రిలులో సండూరు సంస్థానము మద్రాసు రాష్ట్రమున కలిసినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి జిల్లాలో ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. సండూరుతో కూడిన తక్కినవి మైసూరునకు వచ్చినవి. గీత మనలను రెండుగా చీల్చినట్లే వారినిగూడ చీల్చినది. రాయదుర్గపు తండాలో లంబాడీ షెడ్యూల్డు తెగవాడు; సండూరు తండాలో వాని మేనమామ కొడుకు షెడ్యూల్డు కులమువాడు. వారి గోర్‌బోలికి లిపి లేదు; అక్కడ తెలుగు లిపిలో వ్రాసికొందురు, ఇక్కడ కన్నడ లిపిలో. వారు కొలుచు సేవాలాలు 1739లో గుత్తి చెంతనున్న సేవాగఢమున జన్మించెనని అటువారు, దావణగెరె సీమలోని సూరగొండనకొప్పమున జన్మించెనని ఇటువారు అందురు. భక్తులు రెండు చోట్లకును పోవుచున్నారు. పరాయి రాష్ట్రమున భాషను నిలుపుకొనవలెనని సంఘము పెట్టుకొన్న మనకు, లిపి లేకయే తన మాటను ఇంతకాలము నిలుపుకొన్న జాతి పరాయిది ఎట్లగును? వారి పిల్లలు మన పిల్లలతో పాటు కన్నడ బడిలో కూర్చుండుచున్నారు. మన కష్టమును అర్థము చేసికొనగలవారు ఈ యూరిలో ఎవరైన నున్నారనిన, వారే.

ఇంకొక ఆక్షేపణము న్యాయమైనది, దానిని తప్పించుకొనము. ‘ఆ నగలు మోయలేమని లంబాడీ పడుచులే తీసివేయుచున్నారు. చీర కట్టుకొని బడికి పోవలె, ఉద్యోగమునకు పోవలె. మీ కళాభిమానముకొరకు వారు సేర్లకొలది వెండి మోయవలెనా?’ మోయనక్కరలేదు. వెండి వారిది, అమ్ముకొనుటయు, ఉంచుకొనుటయు వారి యిష్టము. మన యాడవారు కాసులపేరు, వంకీ, కంటె విడిచినపుడు ఎవరును అడ్డుపడలేదు. కూతురి చదువునకై తల్లి ఘుగ్రీని అమ్మినచో మేము ఆ తల్లికి నమస్కరింతుము. మా వాదమంతయు ఆమెకు సరియైన వెల రావలెననియు, కరగుటకు ముందు ఆ వస్తువును చూచి, పేరు వ్రాసి, కొలత తీసి యుంచువాడొకడు ఉండవలెననియు మాత్రమే. కరిగిన వెండిని మరల కొనవచ్చును. ఏ గుత్తిలో ఎన్ని మువ్వలుండవలెనో తెలిసిన కంసాలి పోయిన పిదప కొనుటకు దొరకడు. కరీంనగరపు వెండితీగ పనికి ప్రభుత్వపు గుర్తింపు వచ్చినది గనుక ఆ పని పేరైన నిలిచినది. లంబాడీ ఘుగ్రీ చేయు కంసాలికి పేరు కూడ లేదు.

మన వార్షికోత్సవముల సంగతి చెప్పక తప్పదు. ప్రతి యేడును ‘లంబాడీ నృత్య’ మొకటి యుండును. ఆడువారు మన పిల్లలు. గుడ్డలు అద్దెవి. నగలు రేకువి, కొన్ని ప్లాస్టిక్కుకు వెండి రంగు పూసినవి. పాటలో మాటలు ఏ భాషయో పాడువారికిని తెలియదు. నాలుగు మైళ్ల దూరమున తండాయున్నది. అక్కడి స్త్రీలను పిలిచి ఆసనమిచ్చి, వారి పాటను వారిచేత పాడించి, కళాకారులకు ఇచ్చు సంభావనయే వారికిచ్చుటకు మన కార్యవర్గమున కేల తోచదు? పిల్లలు ఆడరాదని మేము అనము. నేర్పినవారికి నమస్కారమైన లేకుండ ఆడుట మాకు రుచింపదు. ఒక యేడు వేదికపై ఆడిన పిల్ల తలనుండి రేకు మువ్వ ఊడి క్రిందపడగా సభలో నవ్విరి. నిజమైన టంకమైనచో ఊడెడిది కాదు.

పిమ్మట అతిథుల కిచ్చు జ్ఞాపికలు. నల్లని చెక్కపలకకు ఇత్తడి రంగు రేకు అతికించి, సరస్వతి బొమ్మ యచ్చొత్తి, బళ్ళారినుండి డజన్లకొలది తెప్పించుచున్నాము. అతిథి ఇంటికి పోవులోపలనే రేకు లేచును. ఆ సొమ్ములో సగముతో సండూరు కంసాలిచేత వెండి మువ్వల గుత్తి యొకటి చేయించి యీయవచ్చును. నమూనా చెప్పిన తండా స్త్రీ పేరు, చేసిన కంసాలి పేరు, రెండును దాని వెనుక పొడిపించవలెను. అతిథులు పండ్రెండుగురైన, పండ్రెండు గుత్తులు. ఒక కుంపటి కొన్ని వారములు చల్లారదు.

సంఘపు గదిలో సంతనాడు ఒక త్రాసు, ఒక గీటురాయి, రూపాయి నాణెముల సంవత్సరములును వన్నెయు పెద్ద యక్షరములతో తెలుగునను కన్నడమునను వ్రాసిన యొక యట్టయు ఉంచవలెనని కార్యవర్గమునకు వ్రాసి యిచ్చియున్నాము. అమ్మదలచిన స్త్రీ ముందుగా అక్కడ తూయించుకొని, చీటీ పట్టుకొని బజారునకు పోవును. నగ పేరు, బరువు, కొలత ఒక పుస్తకమున నెక్కించుదుము. ఆమె సమ్మతించినచో ఛాయాచిత్రము. ఆమె ఇంటిపేరు వ్రాయనక్కరలేదు. దీనికి కావలసినది ఒక కాటా, ఒక బల్ల, ఒక లెక్క పుస్తకము. కూర్చుండి వ్రాయుటకు విశ్రాంత గుమాస్తాలకు ఈ యూరిలో కొదువ లేదు. ఉదయము తొమ్మిది గంటలకే గది తాళము తీసెడి పూచీ మాది.